ఇంటర్వెల్ కబుర్లు: చిలకమ్మ చేతి మీద వాలేదెప్పుడు?

ఈ వారం ఉత్తరాల్లో (వాట్సాప్‌లో వచ్చినా మనకవి ఉత్తరాలే లెండి!) రెంటిలో మాత్రం హీరోల గొడవా లేదు, కలెక్షన్ల గొడవా లేదు. విచిత్రమేమిటంటే రెండూ అనంతపురం సీమ నుంచే వచ్చాయి, రెండూ చిలకల గురించే!

మొదటిది కదిరి నుంచి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసింది. "అన్నా, మా మామ బెంగళూరు నుంచి లవ్‌బర్డ్స్ జత తెచ్చిచ్చినాడు. పదిహేను రోజులైంది. పంజరంలో చెయ్యి పెడితే చాలు, రెండూ గిలగిలా కొట్టుకుంటాయి. మొన్న ఒకటి వేలు కొరికింది. సినిమాల్లో హీరోయిన్ భుజం మీద చిలక అంత బుద్ధిగా ఎట్ల కూర్చుంటుంది? దానికి ఏం చేస్తారు?"

రెండోది గుంతకల్లు కుర్రాడిది. రెండే వాక్యాలు. "సంతలో రామచిలక పిల్లను కొన్నాను. ఎన్ని నెలలకు మాట్లాడుతుంది?"

ముందు హీరోయిన్ భుజం సంగతి చూద్దాం. చెల్లెమ్మా, ఆ బుద్ధి చిలకది కాదు, కత్తెరది! రెక్కల్లో పెద్ద ఈకలు కత్తిరిస్తే పక్షి ఎగరలేదు. కాలికి సన్నదారం కడితే కెమెరాకు కనపడదు. షాటు ఓకే అయ్యేదాకా పాపం అది ఎక్కడికి పోతుంది? ఎగరలేక కూర్చున్నదాన్ని మనం ప్రేమతో కూర్చుందనుకుని చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఆ ఆట సాగదు. 2001లో వచ్చిన నిబంధనల ప్రకారం సినిమాలో జంతువునో పక్షినో వాడాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే తీసుకోవాలి. బొమ్మ మొదలయ్యే ముందు తెర మీద పడే ఆ కార్డు చదవకుండా మనం పాప్‌కార్న్ వెతుక్కుంటాం గానీ, దాని వెనక కథ ఇదే. ఇప్పటి తెర చిలకలు చాలావరకు కంప్యూటర్‌లో పుట్టినవే. వాటికి జీతమూ లేదు, జామపండూ అక్కర్లేదు.

అయినా తెలుగువాళ్లకు చిలక మీద మోజు ఇవాళ్టిదా? బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఎక్కడుంది? చిలకలోనే కదా! 1942లో జెమినీవారు కాంచనమాలతో తీస్తే జనం విరగబడి చూశారు. 1959లో ఎన్.టి.ఆర్., అంజలీదేవి, ఎస్.వి. రంగారావులతో మళ్లీ వచ్చింది. పేర్లలోనూ చిలకలే. 1966లో 'చిలకా గోరింక', 1977లో రజనీకాంత్ నటించిన 'చిలకమ్మ చెప్పింది'. ఇక కదిరి అన్నారు గనక చెప్తున్నాను, ఆ సీమ పేరునే తన పేరులో పెట్టుకున్న పాలవేకరి కదిరీపతి కొన్ని వందల ఏళ్ల కిందటే తెలుగులో 'శుకసప్తతి' రాశాడు. మొగుడు ఊళ్లో లేని ఇల్లాలిని రాత్రికో కథ చెప్పి గడప దాటనివ్వని చిలక అది. సరిగ్గా మంచిచోట ఆపి 'మిగతాది రేపు' అనే విద్య టీవీ సీరియళ్లవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారనుకున్నారు?

సరే, గుంతకల్లు తమ్ముడి దగ్గరికి వద్దాం. తమ్ముడూ, నీకు చిలక్కి చెప్పినట్టు చెప్తాను. నువ్వు కొన్నది కొనకూడనిది. రామచిలక మన దేశపు అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరాలే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడూ అది రక్షణ వున్న జాబితాలోనే వుంది. చిలక జోస్యం చెప్పే ముసలాయన పెట్టెలోది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 'మా వీధిలో నలుగురి ఇళ్లల్లో వున్నాయి కదా' అంటావు. వున్నాయి. మా ఇంట్లోనూ వుండేది. అందుకే చెప్తున్నాను.

అలాగని ఇవాళే పంజరం తలుపు తీసి 'పో' అనకు. చిన్నప్పుడే గూట్లోంచి తీసి చేతితో మేపిన పిల్లకు గద్ద అంటే ఏమిటో తెలియదు, గింజ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. నాలుగు రోజులు బతకడం కష్టం. దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకు తీసుకెళ్లి ఉన్న సంగతి చెప్పి అప్పగించు. మాటలు నేర్పకు. ఎన్ని మాటలు నేర్పితే దానికి మనిషి అంత దగ్గరవుతాడు, అడవి అంత దూరమవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే...

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పక్క ఊళ్లో టూరింగు టాకీసు వుండేది. మా అమ్మ తమ్ముడు, మా మామ, అందులో ఆపరేటరు. ఆ డేరాలో నేల మీద కూర్చుని సినిమాలు చూసినవాణ్ణి నేను. ఆపరేటరు మేనల్లుణ్ణి గనక టికెట్టు లేదు. మామ దగ్గర ఒక రామచిలక వుండేది. పేరు రాణి. ఎవరో జోస్యం చెప్పుకునేవాడు సారాయికి డబ్బులు చాలక అమ్మేసి పోయాడట. రెక్కలు కత్తిరించి వుండేవి. మూడేళ్లు తిరిగేసరికి రాణి మెడకు నల్లటి, గులాబీ రంగు పట్టీ వచ్చింది. ఆ పట్టీ మగదానికే వస్తుంది! ఊరంతా నవ్వారు. "రాణి కాదప్పా, రాజా అని పిలువు" అన్నారు. మామ వినలేదు. "పేరు పెట్టినాక పెట్టినట్లే" అన్నాడు.

క్యాబిన్‌లో కార్బన్ కడ్డీలు మండే పొగ పక్షికి మంచిది కాదని పంజరం మెట్ల దగ్గర పెట్టేవాడు. ఆ రోజుల్లో ఆ సంగతి ఎవరు చెప్పారో ఆయనకు! రోజూ ఇంటర్వెల్ బెల్లు విని విని రాణి అచ్చు అదే మోత నేర్చింది. ట్ర్ర్ర్‌ంగ్! బయట బీడీలు కాల్చుకుంటున్న జనం చేతిలోవి పారేసి లోపలికి పరిగెత్తేవాళ్లు. చూస్తే తెర తెల్లగా వుండేది. మళ్లీ బయటికి. మళ్లీ ట్ర్ర్ర్‌ంగ్! సోడాలమ్మేవాడు ఒకసారి మామతో పోట్లాటకు దిగాడు. వాడి వ్యాపారం సగంలోనే ముగిసిపోతోందట మరి!

రాణి మామ చేతిలోది తప్ప ఎవరిచ్చినా తినేది కాదు. నేను అడిగాను, "మామా, నీకెట్ల మాలిమైంది?" అని. మామ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "రెండు నెల్లు దాని దిక్కు సూడనే లేదురా అబ్బీ. రీలు సుట్టుకుంటా పక్కన కూసుంటాంటి. పాట పాడుకుంటాంటి. ఒగనాడు అదే వచ్చె."

అప్పుడు నాకది హాస్యంగా వినబడింది. చూడకుండా వుంటే ప్రేమ ఎలా వస్తుంది అని.

2002లో వానలు ముఖం చాటేశాయి. ఆ ఏడు దేశమంతా కరువే, మా సీమలో మరీను. మామూలు ఏడాదిలోనే మాకు కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అదీ లేకపోతే ఇక సినిమాకు ఎవడొస్తాడు? డేరా ఎత్తేశారు. దసరా అయ్యాక మామ బెంగళూరులో బేల్దారి పనికి వెళ్లాడు. ఊళ్లో సగం మంది వెళ్లిన బస్సులోనే. పోతూ పోతూ రాణిని మా ఇంట్లో పెట్టి, "పదైదు దినాలకు వస్తా" అన్నాడు. మూడు నెలలు రాలేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. రాణి నాదైందని సంబరం. పంజరంలో చెయ్యి పెట్టి పట్టుకునేవాణ్ణి. కొరికేది. కేకపెట్టేవాణ్ణి. మా చెల్లెలు పగలబడి నవ్వేది. మళ్లీ పట్టుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి అది రొమ్ము మీద ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. మా అవ్వ చూసి, "ఆయప్ప కోసరం బెంగ పెట్టుకునిందిరా, దాని జోలికి పోవద్దు" అంది. నేను వింటేనా! ఇంట్లో ఆ ఏటి శనక్కాయలు కొన్నే వచ్చాయి. మంచివి విత్తనానికి తీసి నాయన మూట కట్టాడు. ముడుచుకుపోయినవి, నల్లమచ్చలవి గోనెసంచిలో మూలన పడేశాడు. వాటిని నేను గుప్పిళ్లతో తెచ్చి రాణికి పోశాను. అదే నా ప్రేమ. కొన్నాళ్లకు ఈకలు ఉబ్బించుకుని మూలకు కూర్చుంది. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, పొద్దున లేచి చూస్తే పంజరం అడుగున పడి వుంది.

మామ పండక్కి వచ్చాడు. నేను గుడి వెనక దాక్కుంటే వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టలేదు. ఒకటే అడిగాడు. "నేను పోయినాంక బెల్లు కొట్టిందారా?"

"కొట్టింది మామా, దినామూ కొట్టింది" అన్నాను.

ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ మాట ఇప్పటిదాకా మామకు చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదువుతాడు. ఈ వారంతో తెలిసిపోతుంది.

రాణి ఎందుకు పోయిందో నేను తేల్చి చెప్పలేను. బెంగా? నా చేతులా? ఆ శనక్కాయలా? కానీ ఆ మూడోదాని సంగతి పెద్దయ్యాక చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ జబ్బో తెలియక డాక్టర్లు తల పట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండికి బూజు పట్టింది. ఆ బూజు పుట్టించే విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పక్షులు దానికి తొందరగా లొంగిపోతాయి. మనవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి వుంది. కాయ ముదిరే వేళకు వాన లేక నేల కాగిపోతే ఆ బూజు భూమిలోనే కాయలోకి దిగుతుంది. అంటే కరువు ఏడు కాయలో ప్రమాదం ఎక్కువ. కరువు ఏడే కదా మంచికాయ దాచుకుని చెత్తకాయ పక్షికి వేసేది! కాబట్టి చిలక జాతి దేనికైనా ముడుచుకున్న, మచ్చపడ్డ, ముక్కవాసన వేసే శనక్కాయ వెయ్యకండి. మనిషి తినేంత మంచి గింజ అయితే, ఉప్పు లేకుండా, ఎప్పుడో ఒకటి. అంతే.

ఇక కదిరి చెల్లెమ్మా, నీ జత దగ్గరికి వద్దాం. ముందు ఒక నిజం. మీ మామ తెచ్చినవి లవ్‌బర్డ్స్ కాకపోవచ్చు! తోక సన్నగా పొడుగ్గా వుండి, మెడ మీద అలలలా చారలుంటే అవి బడ్జీలు. మన దుకాణాల్లో బడ్జీలనే లవ్‌బర్డ్స్ అని అమ్ముతారు. అసలు లవ్‌బర్డ్ ఆఫ్రికా పక్షి, పొట్టితోక, బొద్దుగా వుంటుంది. బడ్జీ ఆస్ట్రేలియాది. అక్కడ ఎక్కడిదనుకున్నావు? నడిమధ్య ఎండు నేలలది. వాన ఎక్కడ పడితే అక్కడికి గుంపులు గుంపులుగా వలసపోయే పక్షి. గడ్డిగింజలు తిని బతుకుతుంది. చెప్పొద్దూ, పక్కా అనంతపురం పక్షి! 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాడు, అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. అడవిలో పచ్చరంగే. నీలం, తెలుపు అన్నీ మనుషులు పెంచి తెప్పించిన రంగులు. ఇంట్లో తరతరాలుగా పుట్టిన పక్షులు గనక బడ్జీని, కాకటీల్‌ని పెంచుకోవడం మన దేశంలో నేరం కాదు. ఆఫ్రికన్ గ్రే లాంటి ఖరీదైన పక్షుల సంగతి వేరు. అవి అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో వున్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. ఎవరైనా 'కాగితాలు అక్కర్లేదు' అని అమ్మజూపితే డబ్బు జేబులోనే వుంచుకోండి.

ఇప్పుడు మాలిమి. నీ చెయ్యి పైనుంచి వస్తోంది చూశావూ, అది నీకు చెయ్యి, దానికి గద్ద. అడవిలో పైనుంచి వచ్చేది ఏదీ మంచి చెయ్యదు. పైగా మన రెండు కళ్లూ ముందుకే వున్నాయి, వేటాడే జంతువుకు వున్నట్టు. వాటి కళ్లు పక్కలకి వుంటాయి. సూటిగా కళ్లల్లోకి చూస్తూ దగ్గరికి వెళ్తే 'నిన్ను తినబోతున్నాను' అని చెప్పినట్టే లెక్క. మా మామ రీలు చుట్టుకుంటూ దాని దిక్కు చూడకుండా కూర్చున్నాడని చెప్పానే, నేను నవ్వాననీ... ఇప్పుడు పక్షి వైద్యులు చెప్పే మొదటి పాఠం అదే. కొన్నాళ్లు పంజరంలో చెయ్యి పెట్టకు. తిండి, నీళ్లు మార్చడానికి తప్ప. రోజూ అదే వేళకు పక్కన కూర్చో. ఈ పత్రికే తీసి పైకి చదువు. రివ్యూలు మాత్రం కోపం తెచ్చుకోకుండా చదవాలి, పక్షులు గొంతు పట్టేస్తాయి!

నువ్వు కూర్చున్నా అది మామూలుగా తింటోందా, ఈకలు సర్దుకుంటోందా చూడు. నీ ముందు ఈకలు సర్దుకుందంటే నిన్ను నమ్మడం మొదలైనట్టే. ప్రాణభయం వున్నది ఎవరి ముందైనా తల దువ్వుకుంటుందా? అప్పుడు కొర్ర కంకి తీసుకో. తమాషా చూడు, విదేశాల్లో చిలకలకు మాలిమి చెయ్యడానికి ప్యాకెట్లలో పెట్టి అమ్మే కంకి మరేదో కాదు, మన కొర్ర కంకే. మన తాతలు చేల నిండా వేసిన పంట. కంకి కొసను కడ్డీల బయటి నుంచి పట్టుకో. రాకపోతే తీసెయ్యి. బతిమాలకు. రేపు మళ్లీ. అది వచ్చి ఒక్క గింజ కొరికితే ఆ రోజుకి చాలు. రోజు రోజుకీ కంకి పట్టుకునేది కొస నుంచి మొదలు వైపు తెస్తూ వుంటే, ఒకరోజు గింజ కోసం నీ వేళ్ల దాకా వస్తుంది. తర్వాత తలుపు తీసి, చెయ్యి కదల్చకుండా లోపల పెట్టు. కింది నుంచి, పక్క నుంచి. వేలిని దాని పొట్ట కింద, కాళ్లకు కాస్త పైన ఆనిస్తే మెట్టు ఎక్కినట్టు ఎక్కుతుంది. ఎక్కగానే ఒక గింజ.

ఎంతసేపు? అయిదు నిమిషాలు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారు (ఆయన పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి, చూశావా నీ ఊరు ఎక్కడ తగిలిందో!) స్టాప్‌వాచీ పెట్టి రిహార్సల్సు చేయించేవారని మన సినిమావాళ్లు కథలుగా చెప్పుకుంటారు. సీను ఎన్ని నిమిషాలో ముందే తేలిపోవాలి. నువ్వూ అలాగే వాచీ పెట్టుకో. పక్షి విసుగెత్తక ముందే ఆపాలి. అది మొహం తిప్పుకుని పోయాక ఆపితే, 'పోతే గానీ వదలదు' అని నేర్చుకుంటుంది.

కొరికితే? అరవకు. ఇది కష్టం, తెలుసు. నేను అరిచినప్పుడల్లా రాణికి ఏం అర్థమైందో ఇప్పుడు తెలుస్తోంది. కొరికితే ఈ చెయ్యి పోతుంది, పైగా పెద్ద నాటకం నడుస్తుంది. కొట్టడం, ముక్కు మీద తట్టడం, ఊదడం అసలే వద్దు. మెల్లిగా కొమ్మ మీద దింపి అవతలికి చూడు. కొరికే ముందు అది చెప్పే కొరుకుతుంది, మనమే వినం. ఈకలు ఒంటికి బిగించుకుని సన్నగా నిటారుగా నిలబడితే భయం. ముక్కు తెరిచి ముందుకు వంగితే 'చాలు' అని. పెద్ద చిలకల్లో అయితే కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతూ వుంటుంది, అది సంతోషమో కోపమో ఒళ్లు చూసి పోల్చుకోవాలి. సాయంత్రం ఒంటికాలి మీద నిలబడి ముక్కుని కరకరా నూరుకుంటోందా? కంగారుపడకు, కడుపు నిండి నిద్ర వస్తోందని. నిమరాలనిపిస్తే తల, మెడ వరకే. వీపు, రెక్కల కింద వద్దు, అక్కడ నిమిరితే దానికి జతకట్టే కాలమన్న భ్రమ కలుగుతుంది.

నీ దగ్గర జత వుంది గనక ఆలస్యమవుతుంది. వాటికి ఒకదానికొకటి తోడుంది, నీతో అవసరం తక్కువ. మాలిమి కోసం విడదీస్తావేమో, ఆ పాపం చెయ్యకు.

మాటలంటావా, జతగా వున్న బడ్జీలు మాట్లాడేది తక్కువే. ఒంటరి మగపక్షి అయితే ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలో పక్ అనే బడ్జీ 1,728 మాటలు నేర్చి గిన్నిస్ బుక్కులోకెక్కింది! ఇంకో సంగతి చెప్తాను, సినిమా పిచ్చివాళ్లకు నచ్చుతుంది. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు 1977లో ఒక ఆఫ్రికన్ గ్రేని కొంది. పేరు అలెక్స్. దానికి పాఠం ఎలా చెప్పేవారంటే, చిలక ముందు ఇద్దరు మనుషులు నాటకం ఆడేవారు. ఒకరు వస్తువు చూపించి అడగడం, ఇంకొకరు సరిగ్గా చెప్పి దాన్ని గెలుచుకోవడం. తప్పు చెబితే పోగొట్టుకోవడం. చూస్తున్న అలెక్స్‌కి ఉడుకుమోత్తనం వచ్చి తనూ పోటీకి దిగేది! అలా రంగులు, ఆకారాలు, ఆరు దాకా లెక్కలు నేర్చింది. 2007లో చనిపోతే ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. హీరో, ప్రతినాయకుడు, ఈర్ష్య... మన సూత్రమే కదా!

పంజరం ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, పక్షి అడ్డంగా ఎగురుతుంది గానీ హెలికాప్టరు కాదు. ఒక వైపు గోడ వుండేలా పెట్టు. నున్నటి ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి వేప, జామ కొమ్మలు లావూ సన్నమూ కలిపి కట్టు. కొర్రలు, సజ్జలతో పాటు మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము రోజూ వుండాలి, ఒట్టి గింజల మీద బతికే పక్షికి కొవ్వు పట్టి, విటమిన్లు చాలక జబ్బు చేస్తుంది. చాక్లెట్టు, కాఫీ, టీ, ఉప్పు, అవకాడో దగ్గరికి రానివ్వకు. వంటింట్లో అసలు పెట్టకు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి మనకు వాసన కూడా తెలియదు, పక్షి నిమిషాల్లో పోతుంది. దోమల చుట్ట పొగ, అగరొత్తుల పొగ కూడా వద్దు. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి, కాబట్టి సెకండ్ షో టీవీ ముందు పంజరం పెట్టకు. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో రేకుల కింద వుంచితే అంతే సంగతులు. నోరు తెరిచి ఎగశ్వాస పెడుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుందంటే వెంటనే చల్లటి గదిలోకి మార్చు, తాగడానికి, స్నానానికి పళ్లెంలో నీళ్లు పెట్టు. ఐసు నీళ్లు గుమ్మరించకు. ఈకలు ఉబ్బించుకుని పగలు మూల కూర్చుంటే రేపు చూద్దాంలే అనుకోకు, పక్షి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి పో. నేను రేపు చూద్దామనుకున్నవాణ్ణే.

'మరి రామచిలకని చూడాలనిపిస్తే?' అని గుంతకల్లు తమ్ముడు అడుగుతాడు. చూడు! పొద్దు వాలే వేళ జొన్న చేల మీదికి కేరింతలు కొడుతూ వచ్చే గుంపు ఖర్చు లేని సినిమాస్కోపు. (చేను వేసిన రైతు మాత్రం మంచె మీద ఒడిసెల పట్టుకుని తిడుతూ వుంటాడు, ఆయన బాధ ఆయనది.) కదిరి దగ్గరే తిమ్మమ్మ మర్రిమాను వుంది, 1989లో గిన్నిస్‌లోకి ఎక్కిన చెట్టు. మర్రిపండ్ల కాలంలో ఒక పూట కూర్చో. ఇంకాస్త పోతే చిలమత్తూరు మండలంలో వీరాపురం. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని లేపుకుపోతాయి. కింద మనుషులు తిరుగుతుంటారు, బండ్లు పోతుంటాయి, పైన కొంగలు పిల్లలకు చేపలు పెడుతుంటాయి. ఒక్క పంజరం లేదు. ఎవరూ వాటిని పట్టుకోబోరు గనక అవీ ఎవరినీ చూసి బెదరవు. ఊళ్లన్నీ కరువు కరువంటుంటే ఆ కొంగలకు ఆ ఊరే నచ్చింది.

ఇంతా రాసి అచ్చుకు పంపబోతుంటే గుంతకల్లు తమ్ముడి మెసేజీ వచ్చింది. "అన్నా, అటవీ శాఖ ఆఫీసుకు తీసుకపోయినా. అడిగినారు, రాసుకున్నారు, తీసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. పంజరం ఖాళీగా వుంది, దాన్నేం చేసేది?"

పాత సామాన్లవాడికి వేసెయ్యి తమ్ముడూ. వచ్చిన డబ్బుతో రెండు మట్టి మూకుళ్లు కొని మిద్దె మీద పెట్టు, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో సజ్జలు. నీళ్లు రోజూ మార్చాలి. నువ్వు కాస్త దూరంగా కూర్చో. చూడనట్టు.